కోయని పుచ్చకాయ

మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలు. ఐదింటికి ప్రాసిక్యూటర్ సంతకం పెడితే న్యా ఫెర్మీనాను ఆడవాళ్ల జైలుకు తీసుకుపోతారు. ఒకసారి అక్కడికి వెళ్తే కేసు పిలుపుకు రావడానికే రెండేళ్లు పడుతుంది. ఆమెకు అరవై నాలుగేళ్లు, ‘న్యా’ అని అందరూ గౌరవంగా పిలిచే వయసు, పైగా షుగరు. రెండేళ్లు ఆమె తట్టుకోలేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

పోలీసు ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా మా రాజధాని అసున్సియోన్‌లో ఏ స్టేషనుకు వెళ్లినా ఒకరిద్దరు నన్ను చూసి లేచి నిలబడతారు. ఆ పరిచయం మీద పది నిమిషాలు దొరికాయి. ఫెర్మీనా బల్ల మీద ఒదిగి కూర్చుని ఉంది. మూలికలు దంచి దంచి ఆమె అరచేతులు ఆకుపచ్చగా మారిపోయాయి, రాత్రంతా లాకప్‌లో ఉన్నా ఇంకా పుదీనా వాసన పోలేదు.

"న్యా ఫెర్మీనా, నిన్న ఆ విదేశీయుడికి ఏం దంచి ఇచ్చారు?"

"నిన్నటి నుంచి చెప్తూనే ఉన్నా కదమ్మా. పుదీనా, నిమ్మగడ్డి, కాస్త గుర్రంతోక. ఎండకి తెరెరె నీళ్లలో కలుపుకోమని అందరికీ ఇచ్చేదే."

"ఎన్ని గంటలకు?"

"పన్నెండూ నలభైకి. ఎదురు రొట్టెల కొట్టువాడు అప్పుడే షట్టరు దించుతున్నాడు. వాడు రోజూ ఆ వేళకే దించి కునుకు తీస్తాడు."

"మరి కూజాలోకి గన్నేరు ఎలా వచ్చింది?"

"న్యా నీమియా, అది మా అమ్మ రోలు. ముప్పై ఏళ్లు ఆవిడ దంచింది, నలభై ఏళ్లు నేను దంచా. ఈ పేటలో పసిపిల్లలకి కడుపునొప్పి వస్తే వీధి మూలన నా పీట దగ్గరికే పరిగెత్తుకొస్తారు. ఆ రోట్లో నేను గన్నేరు వేస్తానా?" ఆమె మణికట్టుతో కళ్లు తుడుచుకుంది. "ఇంతకీ ఆయన బతికాడా?"

అది మూడోసారి అడగడం. తనకేమవుతుందని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

"ఇంకా తెలివి రాలేదు. గుండె మెల్లగా కొట్టుకుంటోందట. మీరు ఇంకేదైనా గమనించారా? ఎంత చిన్నదైనా సరే."

"పర్యాటకులు నా దగ్గర ఆగితే ఏం చేస్తారో మీకూ తెలుసుగా. దంచుతుంటే ఫోటోలు తీస్తారు. నన్ను పక్కకి జరగమంటారు, నవ్వమంటారు. ఈయన మెడలో ఇంత పెద్ద కెమెరా ఉంది, తియ్యలేదు. రోకలి చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు. అయిపోయిందయ్యా అనేదాకా తెరవలేదు."

నేను దాన్ని పుస్తకంలో రాసుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకేమీ వెలగలేదు.

బయటికొస్తూ సాక్ష్యాల బల్ల మీద సీలు వేసి ఉంచిన కూజాను చూశాను. మూడో వంతు మాత్రమే ఖాళీ అయింది. అంత కొంచెమే తాగి మనిషి పడిపోయాడు.

*

సాన్ హెరోనిమో గుట్ట మీద దొన్ లిబోరియో అతిథి గృహానికి మూడూ నలభైకి చేరాను. వీధి తలుపులోంచి పెరటి వసారాలోకి ఐదు మెట్లు దిగాలి. మూడో మెట్టు నా కాలి కింద కదలడంతో ముక్కు పగలకుండా గోడ పట్టుకుని ఆగాను.

"జాగ్రత్త, న్యా నీమియా! అందరూ అక్కడే తూలతారు," అంటూ ముసలాయన ఎదురొచ్చాడు. డెబ్భై ఆరేళ్లొచ్చినా నడుం వంగలేదు. "బాగు చేయించాలి, బాగు చేయించాలి అనుకుంటూనే ముప్పై ఏడేళ్లు గడిచిపోయాయి."

నన్ను పిలిపించింది ఆయనే. ఇదివరకు పర్యాటకుల పోలీసు విభాగంలో ఇరవై రెండేళ్లు చేశాను కాబట్టి, విషం ఇంట్లోది కాదు వీధిలోదని నేనొక మాట రాసిస్తే అతిథులు మళ్లీ వస్తారని ఆయన ఆశ. నిన్నటి నుంచి నలుగురు గదులు వద్దనేశారట.

వసారాలో కూర్చోబెట్టి తెరెరె కలిపాడు. ఆవుకొమ్ము గిన్నెలో ఆకు పొడి, దాని మీద కూజాలోని చల్లటి మూలికల నీళ్లు, పీల్చడానికి ఒక గొట్టం. మొదటి నీళ్లు ఆచారం ప్రకారం పునీత తోమా పేరిట పోసి, ఆకు పొడిలోకి ఇంకనిచ్చాడు. రెండోది తను తాగాడు, మూడోది నాకిచ్చాడు. అలా ఆయనకొకటి, నాకొకటి నడుస్తుండగానే అడగాల్సినవి అడిగాను.

"ఆయన పేరు?"

"రెటో గ్రాఫ్. స్విట్జర్లాండ్. నలభై ఆరేళ్లు. సోమవారం సాయంత్రం దిగాడు. నెమ్మదస్తుడు. వెనక గది కావాలన్నాడు, ఇచ్చాను."

"నిన్న?"

"మధ్యాహ్నం పన్నెండూ యాభైకి మూలికలతో వచ్చాడు. నేనే మంచుముక్కలు వేసి కూజా నింపి ఇచ్చాను. ఒంటిగంటకి తలుపు వేసి పడుకున్నా. రెండూ ఇరవైకి లేచి చూస్తే ఇదిగో, ఇక్కడ కుర్చీలోంచి జారి కింద పడి ఉన్నాడు."

"ఒక్కడే తాగాడా?"

"ఒక్కడే. పాపం, తాగడం కూడా సరిగా రాదు. మంగళవారం నేనే నేర్పించాను. గొట్టం పట్టుకుని జావ కలిపినట్టు గిర్రున తిప్పేశాడు! నవ్వలేక చచ్చామనుకోండి."

నేనూ నవ్వాను. తర్వాత లేచి, మూలగా పోలీసు రిబ్బను కట్టిన బల్ల దగ్గరికి వెళ్లాను. కూజాను పట్టుకుపోయిన మహానుభావులు కొమ్మును మాత్రం వదిలేశారు. తెరెరె తాగే ఆ ఆవుకొమ్ము గిన్నె, నిన్న ఎలా ఉందో అలాగే నిలబడి ఉంది. వంగి, టార్చి వేసి లోపలికి చూశాను.

ఆకు పొడి ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా ఉంది. పల్లంలో తడిసి ముద్దయింది. ఎత్తు మీద పొడి పొడిగా, నిన్న డబ్బాలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే. గొట్టం పల్లంలో నిటారుగా దిగి ఉంది, చుట్టూ వెంట్రుకంత కంత కూడా లేదు. అంటే దాన్ని ఎవరూ ఒక్కసారైనా కదపలేదు.

మా ఇళ్లలో నాలుగేళ్ల పిల్లలు కూడా గొట్టం తిప్పితే చేతి మీద దెబ్బ తింటారు. తిప్పితే వాలు కూలి పొడి గొట్టానికి అడ్డం పడుతుంది. బయటి దేశం వాళ్లు మాత్రం చెంచా అనుకుని తిప్పుతారు, ఎన్నిసార్లు చెప్పినా తిప్పుతారు. నా ఇరవై రెండేళ్లలో తిప్పని పర్యాటకుడిని నేను చూడలేదు.

"దొన్ లిబోరియో, ఆయన గది చూడొచ్చా?"

వెనక గదిలో ఒక సూట్‌కేసు, మంచం పక్కన నగరం గైడు పుస్తకం. తెరిచి చూశాను. కొత్త అట్ట ఫెళఫెళమంది. మూడు రోజులుగా ఊళ్లో ఉన్న మనిషి ఒక్క పేజీ కూడా తిప్పలేదు. కెమెరాలో అధ్యక్ష భవనం ఒకటి, నది ఒడ్డు ఒకటి, వీరుల సమాధి ఒకటి ఉన్నాయి. మిగిలిన ఇరవై మూడు ఫోటోలూ ఈ ఇంటివే. వంటింటి తలుపు, బావి గట్టు, వసారా గచ్చులో పగిలిన పలక, గోడ పక్కన పూలతో విరగబూసిన గన్నేరు.

నా వెనక తలుపు దగ్గర ముసలాయన నిలబడి చూస్తున్నాడు. "పర్యాటకులు పిచ్చివాళ్లమ్మా," అన్నాడు.

*

నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ ఓవెలార్ వచ్చాడు. మూడో మెట్టు మీద తూలి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. వాడికి పంచనామా రాయడం నేర్పింది నేనే, ఆ సంగతి వాడు నన్ను ఎప్పటికీ క్షమించడు.

"ఏం మేడమ్, రిటైరయ్యాక ఇంట్లో తోచట్లేదా? నా రిబ్బను దాటి లోపలికొచ్చారు."

"నువ్వు కొమ్ము వదిలేసి కూజా పట్టుకెళ్లావు కాబట్టి రావాల్సొచ్చింది."

"విషం కూజాలో ఉంది. కొమ్ము నాకెందుకు? షోకేసులో పెట్టుకోనా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మూలికలు ఎవరు దంచారు? ఫెర్మీనా. కూజాలో ఏముంది? ఆ మూలికలు, వాటితో పాటు గన్నేరు. ఐదింటికి సంతకం. కథ ముగిసింది."

"ఎందుకు చేసిందట? ముక్కూ మొహం తెలియని వాడిని?"

"పొరపాటున పడిందేమో. ముసల్ది, చూపు ఆనదు. ఒకరి ప్రాణం మీదికి తెస్తే జైలే కదా, కావాలని చేసినా, పొరపాటున చేసినా."

నా ఒళ్లు మండిపోయింది. "నలభై ఏళ్లు వాసన చూసి ఆకు గుర్తుపట్టే మనిషిరా ఆవిడ. రా, ఇలా వచ్చి చూడు." కొమ్ములో టార్చి వేశాను. "గొట్టం కదిలిందా?"

చూశాడు. మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు, వెంటనే అర్థమైంది. "కదల్లేదు. అయితే ఇంకెవడో మనవాడు తాగాడంటారా? ఒకే కొమ్ము, ఒకే కూజా. వాడూ పడిపోవాలి కదా? శవాన్ని చూపించండి, మేడమ్. నా చెవిలో పువ్వు పెట్టకండి."

"రెండోవాడు లేడు. తాగింది రెటో గ్రాఫే. మంగళవారం అందరి ముందు గొట్టం తిప్పాడు. నిన్న ఒంటరిగా ఉన్నప్పుడు తిప్పడం మరిచిపోయాడు. తాగడం రాని వాడిలా నటించాడు, ఓవెలార్. ఇతను పర్యాటకుడు కాదు. మన ఊరివాడు. ఇక్కడే పుట్టాడు, ఇక్కడే తెరెరె నేర్చుకున్నాడు."

"పాస్‌పోర్టు స్విస్‌ది."

"పాస్‌పోర్టు చేతులకి అలవాట్లు నేర్పదు. రాయబారి కార్యాలయానికి ఫోన్ చేసి ఎక్కడ పుట్టాడో కనుక్కో. నేనడిగితే వాళ్లు చెప్పరు."

"మీరు చెప్తే నేను చెయ్యాలా?" లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఐదింటికి వ్యాను బయల్దేరుతుంది. చేతనైతే ఆపండి."

వాడు మెట్లెక్కి వెళ్లిపోయాడు. మా మాటలన్నీ విన్న దొన్ లిబోరియో మేం తాగిన కూజా ఎత్తి ఊపి చూశాడు.

"మంచు కరిగిపోయింది. ఉండండి, కొత్తది కలుపుకొస్తాను. ఎండలో బాగా అరిచారు."

ఐదు నిమిషాల్లో నిండు కూజాతో వచ్చాడు. పైన పుదీనా గుబాళిస్తోంది. నాకు పోసి ఇచ్చాడు. నేను తాగి ఇచ్చాక మళ్లీ నాకే పోశాడు.

"మీరు?"

"లోపల ఓ పుచ్చకాయ ముక్క తిన్నానమ్మా. ఇప్పుడు తెరెరె తాగితే ఇంకేమైనా ఉందా!"

పుచ్చకాయ మీద తెరెరె తాగితే మనిషి దక్కడని మా నాయనమ్మ చెప్పింది, ఆవిడకి ఆవిడ నాయనమ్మ చెప్పింది. డాక్టర్లు నవ్వుతారు. నవ్విన డాక్టర్లు కూడా తాగరు. ఈ ఊళ్లో ఆ మాట విన్నాక ఇంకో ప్రశ్న వేసే మనిషి ఉండదు, నేనూ వేయలేదు. పుస్తకం ముందేసుకుని, ఫెర్మీనాను ఎలా బయటపడేయాలా అని ఆలోచిస్తూ, చేతికొచ్చింది వచ్చినట్టు తాగుతూ కూర్చున్నాను. తన ఊళ్లోనే పర్యాటకుడి వేషం వేసేవాడు ఎవరి కంట పడకూడదనుకుంటున్నాడు? ఈ ఇల్లే ఎందుకు? రోకలి చప్పుడుకు కళ్లెందుకు మూసుకున్నాడు?

నాలుగూ ముప్పై ఎనిమిదికి ఫోన్ మోగింది. ఓవెలార్. వసారాలో మాట సరిగా వినపడక వంటింట్లోకి నడిచాను. లేచినప్పుడు కళ్లు తిరిగినట్టయింది, ఎండ అనుకున్నాను.

"మీది తప్పని రుజువు చేద్దామని రాయబారి కార్యాలయానికి ఫోన్ చేశా మేడమ్," వాడి గొంతులో ఎగతాళి లేదు. "స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు రాయరట. వంశం ఏ ఊరిదైతే ఆ ఊరు రాస్తారట. ఇతనికి పెంచుకున్న తండ్రి ఊరు రాశారు."

"పెంచుకున్న తండ్రా?"

"డెబ్భై ఆరులో ఒక పాస్టరు, తొమ్మిదేళ్ల పిల్లాడిని ఇక్కడినుంచి తీసుకుపోయాడు. అసలు పేరు ఇసీద్రో ఫ్రేతెస్. అప్పటి నియంత పాలనలో అమ్మానాన్నల్ని ఇంట్లోంచి ఎత్తుకుపోయారు, మళ్లీ కనిపించలేదు."

"ఏ ఇంట్లోంచి?"

"మీరు నిలబడ్డ ఇంట్లోంచే."

పరాయివాడిలా అద్దె కట్టి తన ఇంట్లో తనే మూడు రాత్రులు పడుకున్నాడా పిల్లాడు! ఆ వీధి మూలన వాళ్లమ్మకి ఫెర్మీనా తల్లి దంచి ఇచ్చిన ఆ రోలే ముప్పై ఏడేళ్ల తర్వాత మోగితే, కళ్లు మూసుకోక ఏం చేస్తాడు? ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని తల తిప్పి చూశాను.

గచ్చు మీద, తడి గోనె మీద, పుచ్చకాయ ఉంది. ఒక్కటే. తొడిమతో సహా నిండుగా, కత్తి గాటు లేకుండా. చెత్తబుట్టలో తొక్క లేదు. గట్టు మీద గింజ లేదు. తొట్టి అంచున కత్తెర ఆరబెట్టి ఉంది, దాని కీలు దగ్గర పచ్చటి పసరు.

పప్పులో కాలేశాను. పుచ్చకాయ అనగానే నమ్మాను. పోసేవాడు తాగకపోతే, అక్కడే కొమ్ము కింద పెట్టేయాలని ఇరవై రెండేళ్ల ఉద్యోగం నాకు చెప్పి ఉండాల్సింది. ఉద్యోగం కంటే ముందు నాయనమ్మ మాట చెవిలో పడింది.

"మేడమ్? ఉన్నారా?"

"ఓవెలార్, కూజా సీలు విప్పు."

"ప్రాసిక్యూటర్ లేకుండా..."

"విప్పరా! లోపలి మూలికలు పళ్లెంలో వంచు. ఇప్పుడే."

గాజు చప్పుడు వినిపించింది. ఇటు వసారాలో కుర్చీ జరిగిన చప్పుడూ వినిపించింది.

"వంచాను. పుదీనా అంతా పిప్పి పిప్పిగా ఉంది. మధ్యలో కొన్ని ముదురు ముక్కలు, మందంగా."

"వాటి అంచులు?"

"తిన్నగా ఉన్నాయి. కత్తిరించినట్టు."

"రోట్లో దంచితే అంచులు తిన్నగా వస్తాయా?"

"రావు."

"ఆమె సామాను జాబితాలో కత్తెర ఉందా?"

"రోలు, రోకలి, బుట్ట, పీట. అంతే. జాబితా నేనే రాశాను." ఫోన్ పక్కన పెట్టి ఎవరినో కేకేసి, మళ్లీ అందుకున్నాడు. "వ్యాను ఆపుతున్నా మేడమ్. ఆమెను వదిలేస్తున్నా. మీ గొంతేంటి అలా ముద్దముద్దగా వస్తోంది?"

జవాబు చెప్పేలోపు వంటింటి తలుపు మూసుకుంది. దొన్ లిబోరియో లోపల ఉన్నాడు, గడియ వేసింది ఆయనే. ఒక చేతిలో కొమ్ము, ఒక చేతిలో కూజా.

"మొదటి రాత్రే తెలిసింది నాకు," అన్నాడు, వాతావరణం గురించి చెప్పినంత నెమ్మదిగా. "కరెంటు పోయింది. చీకట్లో కిందికి దిగుతూ మూడో మెట్టు దాటేసి నాలుగో దాని మీద కాలేశాడు. ఈ ఇంట్లో పెరిగినవాడు తప్ప ఎవడూ అలా దిగడు."

"ఇల్లు అడిగాడా?"

"అడిగినా బాగుండేది. ఏమీ అడగలేదు. రోజూ పొద్దున్నే దండం పెట్టి, ఇల్లు బాగా చూసుకున్నారు దొన్ లిబోరియో, అనేవాడు. వాళ్లమ్మానాన్నల్ని ఎత్తుకుపోయిన నాటి నుంచి ముప్పై ఏడేళ్లు ఈ గోడలకి సున్నం వేసింది నేను. ఆ మాట మూడు పొద్దులు విన్నాను, నాలుగోది వినలేకపోయాను." కూజా నా వైపు చాపాడు. "ఇది కూడా ఫెర్మీనా మూలికలే. ఉదయం ఆమె కూతురి దగ్గర కట్ట కొన్నాను. మీరూ పడిపోతే ఆ రోలుదే తప్పంటారు."

"అనరు. ఫోన్లో ఓవెలార్ ఉన్నాడు."

ఆయన ఫోన్ వైపు చూశాడు. వయసంతా ఒక్కసారే మీద పడినట్టు మెల్లగా పీట మీద కూలబడ్డాడు. కానీ గడియకు వీపు ఆనించే కూర్చున్నాడు. కిటికీకి ఇనుప కడ్డీలున్నాయి. ఆయన్ని పక్కకి తోద్దామని అడుగు వేస్తే గచ్చు వంగినట్టనిపించి గట్టు పట్టుకున్నాను.

"అంబులెన్సుకి చెప్పాను!" ఓవెలార్ అరుస్తున్నాడు. "ఇరవై నిమిషాలంటున్నారు, నేను పదిలో వస్తా. బాస్, వింటున్నారా? నాడి చూసుకోండి!"

వాడు నన్ను బాస్ అని ఆరేళ్ల తర్వాత పిలిచాడు. మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి నలభై ఎనిమిది.

"ఫెర్మీనాకి చెప్పు," అన్నాను, "ఆయన ఇంకా బతికే ఉన్నాడని. అడుగుతూనే ఉంటుంది."

"చెప్తా. మీరు ఎంత తాగారు? అతను మూడో వంతే తాగాడు, గుర్తుందా? మీరెంత తాగారు?"

ముసలాయన ఒళ్లో ఉన్న కూజా వైపు చూశాను. అడుగున రెండు మంచు ముక్కలు తప్ప నీళ్లు లేవు.